వాస్కో బండిలో వచ్చిన దండ

గుంతకల్లులో దొరకని వస్తువు ఉండదని మా నాన్న నమ్మకం. నాలుగు వైపుల నుంచీ పట్టాలు వచ్చి కలిసే జంక్షను కదా, ఎక్కడ పండినదైనా, ఎక్కడ నేసినదైనా ఏదో ఒక బండి మోసుకొస్తుందనేవాడు. చాలావరకు నిజమే. నంద్యాల బియ్యం, సోలాపూరు దుప్పట్లు, బెంగుళూరు కూరగాయలు, హుబ్లీ వైపు నుంచి బ్యాడిగి మిరప, అన్నీ దిగేవి. ఏ బండికి ఏ సరుకు వస్తుందో మా రైల్వే కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా మా ఎదురింటివాళ్ళు ప్రాణంగా తినే వస్తువొకటి ఆ ఊళ్ళో ఏ అంగట్లోనూ అమ్మేవాళ్ళు కారు. అడిగితే అదేమిటో కూడా తెలియదు.

ఎదురింట్లో ఉండేది గార్డుగారు. గోవావాళ్ళు, మపుసా దగ్గరి పల్లె. ఆయన్ని అంకుల్ అనీ, ఆయన భార్యను ఆంటీ అనీ పిలిచేవాళ్ళం. వాళ్ళకు కావలసింది చొరీసు. పోర్చుగీసువాళ్ళ సాసేజి గోవాకు వచ్చి, అక్కడి కల్లు, కారం మరిగి, గోవాదే అయిపోయిన పదార్థం. పంది మాంసాన్ని ముక్కలుగా కోసి, ఉప్పులో ఊరబెట్టి, కారం, వెల్లుల్లి, కొబ్బరికల్లు వెనిగర్‌తో నూరిన మసాలా పట్టించి, శుభ్రం చేసిన పేగులో కూరి, దారంతో కట్టి, ఎండలో ఆరబెట్టి, పొయ్యి పైన పొగకు వేలాడదీస్తారు. చిన్న చిన్న గుండ్లుగా కట్టినదైతే జపమాలలా ఉంటుంది. వాళ్ళ ఇంట్లో మేకుకు వేలాడుతున్న దండను మొదటిసారి చూసినప్పుడు అది తినే వస్తువని నాకు తోచలేదు. పక్కనే ఏసు పటం ఉంది, దానికి వేసే మాలేమో అనుకున్నాను.

నేను చెబుతున్నది 1970ల చివరి మాట. అప్పటికి మీటర్‌గేజి బతికే ఉంది. గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు, ఇక్కడి నుంచి బళ్ళారి, గదగ్, హుబ్లీ, లోండా దాటి మార్మగోవా రేవు దాకా ఒకే సన్నపట్టా. పాత సదరన్ మరాఠా కంపెనీ కాలపు దారి అది. గోవాలోని ముక్కను 1880లలో వేరే కంపెనీ వేసింది, దాని పేరే వెస్ట్ ఆఫ్ ఇండియా పోర్చుగీస్ రైల్వే. 1977లో గుంతకల్లు డివిజను దక్షిణ మధ్య రైల్వేలో కలిసింది. హుబ్లీ డివిజను అప్పటికే అందులో ఉంది. అంటే మా కాలనీకీ, ఆ రేవు పక్కనే ఉన్న వాస్కోకూ మధ్య జోను గీత కూడా లేకుండా పోయింది. మా నాన్న కంట్రోలు ఆఫీసులో పని చేసేవాడు. ఆయనకు అది కాగితాల మార్పు. ఎదురింటి ఆంటీకి మాత్రం వంటింటి మార్పు.

ఎందుకంటే చొరీసు వచ్చే దారి ఆ పట్టాల మీద మనుషుల చేతుల్లో ఉంది. వాస్కోలో అంకుల్ వాళ్ళ బావగారు రేవులో పనిచేసేవాడు. ఆయన పొట్లం కట్టి లోండా వైపు వచ్చే గార్డుకు ఇచ్చేవాడు. ఆ గార్డు హుబ్లీ రన్నింగ్ రూములో ఇంకొకరికి అప్పగించేవాడు. డ్రైవర్లు, గార్డులు డ్యూటీకీ డ్యూటీకీ మధ్య నడుం వాల్చే చోటు అది. అక్కడ మూలన గార్డు సామాను పెట్టుకునే ఒక లైను పెట్టె పైన ఆ పొట్లం ఉంటే, ఎవరిదో ఎవరూ అడగక్కరలేదు, వాసనే చెప్పేది. హుబ్లీ నుంచి గుంతకల్లు డ్యూటీ పడ్డ మనిషి తన బ్రేకువ్యానులో వేసుకొచ్చేవాడు. ఆ మనుషుల్లో తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, ముస్లింలు ఉన్నారు. పంది మాంసం ముట్టని వాళ్ళు కూడా ఆ పొట్లాన్ని గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టకుండా పెట్టె పక్కన పెట్టుకుని తెచ్చి ఇచ్చారు. నాకు అది ఈనాటికీ గొప్పగా అనిపిస్తుంది. తాము తినని వస్తువు, తమ ఇంట్లోకి రానివ్వని వస్తువు, ఇంకొకరు తింటారని ఇన్ని చేతులు మోశాయి.

పొట్లానికి చుట్టిన కాగితం గురించి చెప్పాలి. అది ఓ హెరాల్డో పత్రిక. 1983లో ఇంగ్లీషుకు మారేదాకా అది పోర్చుగీసులోనే వచ్చేది. అక్షరాలు ఇంగ్లీషువే, కానీ కొన్నిటి మీద అలలాంటి గీత, కొన్నిటి కింద తోక. నూనె, మసాలా తగిలి ఎర్రబారిన ఆ కాగితాలను ఆంటీ పారేసేది కాదు, ఎండలో ఆరబెట్టి అలమార అరల్లో పరిచేది. ఇంటి దగ్గరి చావులు, పెళ్ళిళ్ళు కొన్ని వారాలు ఆలస్యంగా ఆ అరల్లోనే చదువుకునేది.

పొట్లం వచ్చిన రోజు వాళ్ళింట్లో వంట చూడాలి. దండలోంచి కావలసినన్ని గుండ్లు కత్తిరించి, దారం తీసి, తోలు చీరి, మాంసం ముక్కలు గిన్నెలోకి రాల్చేది. నూనె చుక్క వేసేది కాదు. కాసిని నీళ్ళు, అడ్డంగా తరిగిన ఉల్లిపాయలు, పెద్ద ముక్కలుగా ఆలుగడ్డ. మూత పెట్టి సన్నని సెగ. నీళ్ళు ఇగిరేకొద్దీ కొవ్వు కరిగి ఎర్రటి నూనె పైకి తేలేది. అప్పుడు లేచే వాసనను మాటల్లో పెట్టడం కష్టం. మొదట వెనిగర్ ముక్కుపుటాలు పట్టుకుంటుంది, దాని వెనకాల వెల్లుల్లి, లవంగం, చివరికి పొగ. మా వీధి చివర కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్ళు తల తిప్పి చూసేవాళ్ళు. కొందరు ముక్కు మూసుకునేవాళ్ళు, కొందరు గట్టిగా పీల్చేవాళ్ళు. గోవాలో దీన్ని పోయి అనే తవుడు రొట్టెతో తింటారు. మాకు దొరికేది స్టేషను రోడ్డు బేకరీ బన్ను. బన్ను తీపి, దీని పులుపూ కారమూ కలిసి అదొక రుచి.

మా ఇంట్లో కోడి, మేక తినేవాళ్ళం. పంది మాట ఎత్తేవాళ్ళు కాదు. మన ఊళ్ళల్లో ఆ మాంసం ఎవరు తింటారన్నది చూసి మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించేవాళ్ళు ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. మా అమ్మకు ఆ భయం ఉండేది, తన అత్తగారికి తెలుస్తుందని. అందుకని ఆమె పెట్టిన షరతు ఒక్కటే. "వాళ్ళింట్లో వాళ్ళ పళ్ళెంలో తిను. చేయి అక్కడే కడుక్కుని రా." నాన్న పేపరు వెనకాల నుంచి ఏమీ అనేవాడు కాదు. ఆయన కూడా పొట్లం వచ్చిన సాయంత్రాలు అంకుల్‌తో క్యారమ్స్ ఆడడానికి తప్పకుండా వెళ్ళేవాడు.

అమ్మకూ ఆంటీకీ స్నేహం కుదిరింది మాత్రం ఊరగాయల దగ్గరే. ఇక్కడ వానలకు ముందు ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయ తెచ్చి ఏడాదికి సరిపడా ఊరబెడతాం. గోవాలో అదే ఎండల్లో చొరీసు కడతారు. వానాకాలం సముద్రం మీదికి పడవలు పోవు, చేపలు ఉండవు, ఆ నెలలకు ఇంట్లో దాచుకునే తిండి అది. ఉప్పు, కారం, పులుపు, ఎండ, చెడిపోకుండా నిలబెట్టేవి రెండిట్లోనూ అవే. ఆంటీ మా అరుగు మీద కూర్చుని కారం కలపడం చూస్తూ, "ఇంత ఉప్పు ఎందుకమ్మా?" అని అడిగేది. "తక్కువైతే బూజు పడుతుందక్కా" అంటే, "మాక్కూడా అంతే" అని నవ్వేది. జాడీ మూతికి గుడ్డ కట్టే విషయంలో మాత్రం ఇద్దరికీ కుదరలేదు.

ఒక వేసవి సెలవుల్లో వాళ్ళతో పాటు నన్నూ గోవా పంపారు. క్యాజిల్‌రాక్ దాటాక బండి కొండ దిగుతుంది. ఆ ఘాట్‌కు బ్రగాంజా అని పేరు. ముప్పై ఏడు అడుగులు నడిస్తే ఒక అడుగు దిగే వాలు. అంత నిటారు దారి రైలుకు చాలా ఎక్కువ. కిందికి దిగేటప్పుడు బ్రేకుల మీద, పైకి ఎక్కేటప్పుడు వెనక తోసే ఇంజన్ల మీద ప్రాణాలు. దూధ్‌సాగర్ దగ్గర పట్టాలు జలపాతానికి ఎదురుగానే పోతాయి. అది వేసవి, నీళ్ళు సన్నగా ఉన్నాయి. అంకుల్ తన నాన్నగారి కాలం కథ చెప్పాడు. ఆయనా రైల్వేమనిషే, హుబ్లీలో ఉండేవాడట. 1955లో భారత ప్రభుత్వం గోవా సరిహద్దు బిగించినప్పుడు ఈ దారిలో రాకపోకలు ఆగిపోయాయి. పట్టాలు ఉన్నాయి, ఇల్లు ఆ కొండ కిందే ఉంది, పోవడానికి లేదు. 1961 డిసెంబరులో పోర్చుగీసు పాలన ముగిసేదాకా అంతే. ఆ ఏళ్ళలో వాళ్ళమ్మ హుబ్లీలోనే చొరీసు కట్టడం నేర్చుకుందట. కొబ్బరికల్లు వెనిగర్ లేదు, సముద్రపు గాలి లేదు. ఏదో ఒకటి కట్టింది. "బాగుండేది కాదు. అయినా అందరం తిన్నాం, ఏమీ అనకుండా" అన్నాడు అంకుల్.

మపుసా దగ్గరి వాళ్ళ పల్లెలో చొరీసు కట్టడం మొదటినుంచి చివరిదాకా చూశాను. మాంసాన్ని ఖైమా కొట్టరు. కత్తితో వేలి కొసంత ముక్కలుగా కోస్తారు, కొవ్వును వేరుగా, మాంసాన్ని వేరుగా. ఉప్పు పట్టించి బుట్టలో వేసి పైన బరువు పెడతారు, నీరంతా కారిపోవాలి. మిరపకాయలు గింజలు తీసి వెనిగర్‌లో నానబెట్టి, వెల్లుల్లి, అల్లం, పసుపు, జీలకర్ర, మిరియాలు, లవంగం, చెక్కతో రోట్లో మెత్తగా నూరుతారు. నీళ్ళు తగలకూడదు, అన్నీ వెనిగర్‌తోనే. కొందరు కాస్త ఫెని అనే గోవా సారా పోస్తారు. అది ముక్కలకు పట్టాక పేగులో గరాటుతో నింపి, బొటనవేలితో గట్టిగా నొక్కి, దారం ముడి వేస్తారు. గాలి బుడగ మిగిలితే అక్కడ చెడుతుంది. తర్వాత వెదురు కర్రకు వేసి ఎండకు. కాకులను తోలే పని పిల్లలది, నాకూ ఒక కర్ర ఇచ్చారు. సాయంత్రానికి లోపలికి తెచ్చి పొయ్యి పైన కడతారు. కొబ్బరి పీచు పొగ. రోజులు గడిచేకొద్దీ ఎరుపు నల్లబడుతుంది, మెత్తన గట్టిపడుతుంది.

పోర్చుగల్‌లో దీని అసలు రూపంలో వైన్ పోస్తారు, తీపి మిరప పొడి వేస్తారు, వెల్లుల్లి మామూలే. 1510లో గోవాను పట్టుకున్నవాళ్ళకు ఇక్కడ ద్రాక్ష లేదు. కొబ్బరిచెట్టు ఉంది, కల్లు ఉంది, కల్లు పులిస్తే వెనిగర్. మిరప కూడా వాళ్ళు సముద్రం దాటించి తెచ్చిందే. కట్టింది మాత్రం గోవా ఆడవాళ్ళు, వాళ్ళ నాలుకకు నచ్చినట్టు, వాళ్ళ వానలకు తగినట్టు. అందుకే ఇది దిగుమతి వస్తువని నేను ఒప్పుకోను.

శుక్రవారం మపుసా సంతకు వెళ్ళాం. దండలు దండలుగా చొరీసు వేలాడదీసి అమ్మే ఆడవాళ్ళు వరసగా కూర్చుంటారు. అన్నీ ఒకేలా ఎర్రగా ఉన్నాయి. ఆంటీ మొదటి దుకాణం దగ్గర ఆగలేదు, రెండో దగ్గరా ఆగలేదు. ఒక ముసలామె దగ్గర గుండును వేళ్ళ మధ్య నొక్కి చూసింది. మెత్తగా ఉంటే ఆరలేదన్నమాట. తోలులోంచి ముక్కలు విడివిడిగా కనబడాలి, కొవ్వు తెల్లగా ఉండాలి, పసుపురంగు తిరిగితే పాతది. వాసన చూస్తే పులుపు సూటిగా తగలాలి, కుళ్ళు తీపి ఉండకూడదు. ఇవన్నీ చూశాక కూడా కొనలేదు. ఏ ఊరు, ఎవరు కట్టారు, పంది ఎక్కడిది అని కొంకణిలో చాలాసేపు మాట్లాడింది. ఆ ముసలామె చెప్పిన ఊరి పేరు విన్నాకే డబ్బు తీసింది.

అంకుల్ రిటైరై వాళ్ళు గోవా వెళ్ళిపోయాక ఎదురింట్లోకి వేరేవాళ్ళు వచ్చారు. నేను చదువుకుని హైదరాబాదు చేరాను. అక్కడ దొరుకుతుందనుకున్నాను. సికింద్రాబాదులో పంది మాంసం అమ్మే కోల్డ్‌స్టోరేజీలు ఉన్నాయి. సాసేజి అంటే గులాబీరంగువి, మెత్తగా, వేలంత పొడుగున్నవి ఇచ్చేవాళ్ళు. మాంసాన్ని పేస్టులా రుబ్బి గొట్టంలో పోసినవి. నమిలే పని లేదు, పులుపు లేదు, పొగ లేదు. తర్వాతి ఏళ్ళలో గోవా పేరు రాసిన ప్యాకెట్లు కూడా వచ్చాయి. కొన్ని బాగానే ఉండేవి. చాలావాటిలో మాంసం కంటే కొవ్వు ఎక్కువ, రంగు చేతికి అంటేది, వెనిగర్ కల్లుది కాదని నాలుక మీద పడగానే తెలిసిపోయేది. ఆరబెట్టే రోజులు తగ్గించి ఫ్రీజరులో పెట్టి అమ్మితే తూకం ఎక్కువ వస్తుంది. తినేవాడికి మిగిలేది నీరు. నెమ్మదిగా ఆరవలసిన దాన్ని తొందరపెడితే ఏ వెలా దాన్ని బాగుచేయలేదు. నేను ఈ విషయంలో మెత్తబడలేదు, మెత్తబడను.

దారి మళ్ళీ పట్టాలదే అయింది. 1990లలో ఆ లైనంతా బ్రాడ్‌గేజి అయింది. అమరావతి ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు కలకత్తా దగ్గరి షాలిమార్ నుంచి విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా వాస్కో పోతుంది, వారంలో కొన్ని రోజులు. ఆంటీ కూతురు గోవాలోనే ఉంటుంది, నేను అక్కా అంటాను. మా ఇంట్లోవాళ్ళెవరు ఆ వైపు వెళ్ళినా అక్క శుక్రవారం సంతకు వెళ్ళి తెచ్చి పెడుతుంది. ఇప్పుడు ఇంగ్లీషు హెరాల్డ్ కాగితంలో చుడుతుంది. మా అమ్మ చివరి ఏళ్ళలో షరతులన్నీ వదిలేసింది. ఆమె తినలేదు, కానీ తన వంటింట్లోనే, తన గిన్నెలోనే వండనిచ్చింది. ఆలుగడ్డలు ఆమే తరిగి ఇచ్చేది.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటుంది. అక్కడ మన గోంగూర దొరుకుతుంది, గుంటూరు కారం దొరుకుతుంది, చొరీసు దొరకదు. ఇక్కడి నుంచి తీసుకుపోవడానికీ లేదు, మన దేశపు మాంసం విమానాశ్రయంలోనే ఆపేస్తారు. నేను వెళ్ళినప్పుడు రైల్లో న్యూఆర్క్ తీసుకెళ్ళింది. పెన్ స్టేషను వెనకాలే ఐరన్‌బౌండ్ అనే పేట, చుట్టూ రైలు పట్టాలే. ఫెర్రీ స్ట్రీట్ పొడుగునా పోర్చుగీసువాళ్ళ బేకరీలు, బొగ్గుల మీద కోడి కాల్చే హోటళ్ళు, మాంసం దుకాణాలు. ఒక దుకాణంలో లింగ్విసా అనే సన్నవి, షొరీసో అనే లావువి కొక్కేలకు వేలాడుతున్నాయి. ముక్కలు కనబడుతున్నాయి, గట్టిగా ఉన్నాయి, పొగ వాసన ఉంది. దుకాణం పెద్దాయన పలచగా కోసి చేతిలో పెట్టాడు. వెల్లుల్లి ఉంది, పొగ ఉంది, మిరప తీయగా ఉంది. పులుపు లేదు. మా ఆంటీ వంటింటికి ఇది పుట్టింటి వైపు చుట్టం, ఆ ముఖం పోలిక ఉంది, మాట వేరు. మంచి సాసేజి, ఆలుగడ్డ, ఆకుకూర చారులో వేసుకుంటే అద్భుతంగా ఉంటుంది. కానీ నేను వెతికింది అది కాదు.

అమ్మాయి అక్కడితో ఊరుకోలేదు. ఆ పెద్దాయన దగ్గరే ఉప్పులో నిలవచేసిన పేగు కొంది, పంది భుజం మాంసం కొంది. కొబ్బరి వెనిగర్ ఎక్కడ దొరుకుతుందా అని వెతికితే ఫిలిప్పీన్స్ వాళ్ళ అంగట్లో సీసాలు సీసాలు ఉన్నాయి, వాళ్ళకూ కొబ్బరే ఆధారం కదా. మిరప విషయంలో నేను గుంటూరు వద్దన్నాను. గుంటూరు కారానికి మిగతావన్నీ నోరు మూసుకుంటాయి. రంగెక్కువ, ఘాటు తక్కువ ఉన్న బ్యాడిగి తెప్పించాం. ముక్కలు కత్తితోనే కోశాం, బరువు కింద ఉప్పునీరు తీశాం. శరత్కాలపు చలి మొదలైంది, గ్యారేజీలో కర్ర కట్టి వేలాడదీశాం. ఎండ లేదు, పొగకు పెరట్లో గ్రిల్లు మూత వేసి రాజేశాం.

గోవాలో అక్కకు వీడియో కాల్ చేసి చూపించాం. ఫోను దండకు దగ్గరగా పెట్టమంది. ఒక గుండును నొక్కి చూపించమంది. అమ్మాయి నొక్కింది. ముడులు ఎవరు వేశారు, పైది వదులుగా ఉంది అంది. ఉప్పు ఎంత వేశారని అడిగి, సరే అంది. ఎప్పుడు వండుకోవచ్చని అమ్మాయి అడిగితే, "ఇంకా నాలుగు రోజులు ఆరనీ, తొందరపడకు. అప్పుడు ఒక్కటే కోసి ముందు మీ నాన్నకు పెట్టు" అంది.